ఎడమపక్క సైకిలు

మా ఆయన రెండు సైకిళ్ళు కొనుక్కొచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది.

రాకేం చేస్తుంది? ఈ పరాయి దేశపు రేవు ఊరికి వచ్చి ఏళ్ళు గడిచాయి. సందు చివర కూరగాయల కొట్టుదాకా తోడు రమ్మంటే "కాళ్ళు పీకేస్తున్నాయే" అని గోడవైపు తిరిగి పడుకునే మనిషి. అలాంటివాడు ఒక సెలవు పూట, ఊరు విడిచిపోతున్న కళాసీ ఎవడో అమ్మేశాడని రెండు పాత సైకిళ్ళు తెచ్చి మెట్ల కింద ఆనించి, "లేవవే, ఊరు చూసొద్దాం" అన్నాడు. పొద్దు ఎటు పొడిచిందా అని కిటికీలోంచి తొంగి చూశాను. రోజూ పొడిచే వైపే పొడిచింది.

"నాకు సైకిలు రాదు కదా?"

"నేర్పిస్తా."

నేర్పించాడు కూడా. చేపల వేలం హాలు వెనక, సెలవు రోజు మనుషులుండని సిమెంటు చప్టా మీద. రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. పడ్డప్పుడల్లా ఆయన వైపు కొరకొరా చూశాను, నవ్వాడో సైకిలెత్తి సముద్రంలో పారేద్దామని. నవ్వలేదు. అది మరీ అనుమానం. నేను పడితే నవ్వకుండా ఊరుకునే మొగుడు కాదు.

మా ఆయన రేవులో క్రేన్ నడుపుతాడు. ఓడలోంచి లారీ అంతేసి పెట్టెలు ఎత్తి ఒడ్డున దించే పని. "నా ఆఫీసు ఆకాశంలో" అని గొప్పలు పోతుంటాడు. ఆయనకి కింద నిలబడి సైగలు చేసేది మా బావ, అంటే మా అక్క మొగుడు. ఎత్తు, దించు, ఆపు, అన్నీ చేతులతోనే. ఆ మోతలో నోరు పనికిరాదు. అక్కా నేనూ ఓడల దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేస్తాం. ఇక్కడ మాకున్న బంధుబలగమంతా ఈ నలుగురమే.

సరే, సైకిలు వచ్చింది. ప్రతి సెలవుకీ తిరగడం మొదలుపెట్టాం. పాత ఓడలు విరిచే చోటు, గిడ్డంగుల వరస, పడవల రేవు, కొండ మీదికి పాకే ఇరుకు సందులు, ఆ సందుల చివర ఠక్కున కనపడే సముద్రం. నిజం చెప్పొద్దూ, బాగుంది. ఇన్నేళ్ళూ ఈ ఊరు నాకు సబ్బు వాసనా, తడి గోడలే. ఇంత ఊరుందని తెలీదు. వంతెన మీద గాలికి కొంగు పోయి చక్రంలో చుట్టుకుంటే, ఆయన దిగి ఓపిగ్గా పోగుపోగూ విడదీశాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత ఓపిక చూపించలేదు. మొగుడికి ఉన్నట్టుండి ప్రేమ పొంగిందంటే ఎక్కడో కుండ పగిలిందన్నమాటేగా.

పైగా ఒక షరతు. ఎక్కడికెళ్ళినా నేను ఆయనకి ఎడమపక్కే తొక్కాలి.

"అటువైపు బండ్లొస్తున్నాయి కదండీ, ఇటు రానా?"

"వద్దు. ఎడమపక్కే ఉండు."

సముద్రం గాలికి మాట వినపడదని తన పని సైగలు నాకూ నేర్పాడు. చెయ్యి పక్కకి బారుగా చాపితే ఆపు. వేలు పైకి చూపించి తిప్పితే ఎక్కు. అంతా బాగానే ఉంది గానీ, నేను ఆయన పక్కన తొక్కుతూ చెయ్యి చాపితే ఆగడు. అరిస్తే ఆగుతాడు. ఇంకోటి, ప్రతి కూడలి దగ్గరా మెడ విరిగేలా ఎడమవైపుకి తిరిగి చూస్తాడు. నన్ను కాదు. నన్ను దాటి, అవతలి ఇళ్ళకేసి, కిటికీలకేసి. ఎవరికోసం వెతుకుతున్నాడు? ఎవరికీ కనపడకుండా నన్ను అడ్డం పెట్టుకుంటున్నాడా?

ఇదంతా అక్కకి చెప్పాను. చెప్పడం అంటే లాండ్రీలో దుప్పటి మడత పెట్టేటప్పుడే. రెండు కొసలు తన చేతిలో, రెండు నా చేతిలో. మడత మడతకీ ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలిపి మళ్ళీ వెనక్కి పోతాం. మిషన్ల హోరులో దగ్గరికొచ్చినప్పుడే ఒక్క మాట.

"బండ్ల పక్కన తొక్కమంటున్నాడా?" అంది అక్క. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. "లారీ కింద తోసేద్దామనేమో."

"నీ నోట్లో మట్టి పడ."

"ఎడమ భుజం మీద కమిలిన మచ్చ ఉందన్నావు, దాని సంగతేంటన్నాడు?"

"క్యాబిన్ తలుపు తగిలిందట."

"తలుపులకీ పళ్ళుంటాయి కాబోలు," అని మళ్ళీ వెనక్కి పోయింది.

అక్క అలాగే మాట్లాడుతుంది. నిప్పు ఎక్కడ పడుతుందా అని చూడదు, ముందు విసిరేస్తుంది. కానీ ఆ వారమే బావ కూడా మా ఇంటికొచ్చి మంచం కోడు మీద చెయ్యేసి కూర్చుని, మా ఆయన స్నానానికి వెళ్ళగానే గొంతు తగ్గించాడు.

"మీ ఆయనకి తల తిరుగుతోందమ్మాయ్. నేను ఆపమని చెయ్యి చాపితే చూసీ చూడనట్టు పోతున్నాడు. మొన్న పెట్టె నా నెత్తి మీదికే తెచ్చాడు. గెంతాను కాబట్టి మీ అక్కకి మొగుడు మిగిలాడు."

"అడక్కపోయావా బావా?"

"అడిగితే నవ్వుతాడు. ఆకాశంలో ఉన్నవాడికి నేలమీదవాడు చీమ." జేబులోంచి మెరిసిపోయే ఈల తీసి చూపించాడు. "ఇదిగో, ఇది కొనుక్కున్నా. చేతికి ఆగనివాడు చెవికైనా ఆగుతాడేమో."

అప్పట్నుంచి అక్కా నేనూ బావని ఈలబావ అనడం మొదలుపెట్టాం. నవ్వుకున్నాం కూడా. ఏం నవ్వులో.

తర్వాత ఒకరోజు దుప్పటి మడతల్లో అక్క ముఖం వేరేగా ఉంది.

"నిన్న సాయంత్రం మీ ఆయన ఎక్కడున్నాడు?"

"ఇంకో ఓడొచ్చిందట, ఆలస్యమైందన్నాడు."

వెనక్కి. దగ్గరికి. "పడవల రేవు వెనక సందులో సైకిలు చూశా. పసుపు తలుపు ముందు."

వెనక్కి. నా చేతిలో కొస జారింది. మళ్ళీ ఏరుకుని దగ్గరికొచ్చాను.

"ఎవరిదక్కా ఆ ఇల్లు?"

"ఎవత్తో పొట్టి జుట్టుది తలుపు తీసింది. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది."

ఇంకెన్ని మడతలు పెట్టామో గుర్తులేదు. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించిందట. కాళ్ళు లేవా ఆయనకి?

ఆ సాయంత్రం ఆయన నీళ్ళు పోసుకుంటుంటే మెట్ల కిందికి దిగాను. ఆయన సైకిలు సీటు కింద చిన్న తోలు సంచి ఉంటుంది, పానాలు పెట్టుకునేది. నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు, "మసి అంటుతుంది" అని. తెరిచాను. మసి లేదు, పానాలూ లేవు. మెత్తటి గుడ్డలో చుట్టిన బుల్లి సీసా ఒకటి. ఎర్ర మూత, లోపల నీళ్ళలాంటిది. పైన ఏదో రాసుంది గానీ, నాకు ఇక్కడి మాట వచ్చు, రాత రాదు. మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు.

పొద్దున్నే అక్కకి చూపిస్తే చెంపలు వాయించుకుంది. "అయ్యో రామ! వశీకరణమే! మందు పెట్టేసిందే చిన్నదానా!"

"ఊరుకో అక్కా. ఈ దేశంలో కూడా ఉంటాయా అవి?"

"మొగుళ్ళు లేని దేశం ఉందా? ఉంటే చెప్పు, అక్కడ ఉండవు."

మామూలు రోజుల్లో అయితే పడీపడీ నవ్వేదాన్నే. అనుమానం పట్టినదానికి ప్రతి తాడూ పామే. సీసా కొంగున ముడేసుకుని, మధ్యాహ్నం పని దిగగానే సైకిలెక్కాను. ఒంటరిగా తొక్కడం అదే మొదటిసారి. ఎడమపక్కా కుడిపక్కా ఎవరూ లేరు, దారంతా నాదే. వేలం హాలు దాటి, గిడ్డంగులు దాటి, పడవల రేవు వెనక సందులోకి తిరిగాను. ఆ దారులన్నీ ఆయన చూపించినవే. మొగుణ్ణి పట్టుకోడానికి మొగుడే దారి నేర్పాడు, ఏం చెప్పను.

పసుపు తలుపు. పక్కన ఇత్తడి రేకు మీద ఏవో అక్షరాలు. తలుపు తోసుకుని చీకటి మెట్లెక్కాను. పైన గదిలో ఒక ముసలాయన కంటికి కట్టు కట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఎవడి పెళ్ళామో వచ్చి ఉతికి ఆరేసి ఉంటుంది, బాగా అయింది అనుకున్నాను. లోపలి తలుపు తెరుచుకుంది. పొట్టి జుట్టు. మా అమ్మ వయసుంటుంది. ఇంతోటిదానికా అనుకుంటూనే సీసా తీసి దాని ముఖం మీద పెట్టాను.

"మా ఆయనకి ఇది ఇచ్చింది నువ్వేనా?"

"నేనే," అంది తొణక్కుండా. సీసా వెలుగుకి పట్టి చూసింది. "క్రేన్ ఆయన భార్యవా? ఎన్నిసార్లు చెప్పాను తీసుకురమ్మని! రా, కూర్చో. కళ్ళలో రోజూ వేసుకుంటున్నాడా? మానితే రెండోది కూడా పోతుంది."

"రెండోది ఏంటి?"

కంటి డాక్టరని అప్పుడు తట్టింది నాకు. ఆవిడ నా కుడి కన్ను నా చేత్తోనే మూయించి, తన ముక్కు మీదే చూపు పెట్టమని, నా ఎడమచెవి వెనకనుంచి తన వేలు మెల్లగా ముందుకి తెచ్చింది. "ఎప్పుడు కనపడితే అప్పుడు చెప్పు."

"ఇదిగో, ఇక్కడ." చెవి దాటగానే కనపడింది.

"మీ ఆయన ఇక్కడ చెప్తాడు," అని వేలు దాదాపు నా ముక్కుదాకా తెచ్చింది. "అది కూడా మసగ్గా. ఎడమ కంట్లో నీటి ఒత్తిడి. పోయింది తిరిగి రాదు. కుడి కన్ను మిగుల్చుకోడానికే ఈ చుక్కలు. మా మెట్లు కూడా కనపడవు, నేనే దిగి చెయ్యి పట్టుకుని తెస్తాను."

ఎడమపక్కే ఉండు. ఎడమపక్కే ఉండు. బండ్లకీ ఆయనకీ మధ్య నన్ను గోడలా పెట్టుకున్నాడని తిట్టుకున్నాను కదా. గోడ కాదు, కన్ను.

ఏడుపొచ్చేసింది. ఆవిడ నా భుజం తట్టింది. "బెంగపడకు. తెలివైన మనిషి, నేను చెప్పగానే క్రేన్ దిగిపోయాడు కదా. ఇప్పుడు గిడ్డంగిలో కాపలా అన్నాడు. అదే నయం. పైనే ఉంటే ఈపాటికి కింద ఎవరో ఒకరు నలిగిపోయేవాళ్ళు."

"అవునమ్మా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. మొగుడి అబద్ధానికి వంత పాడటం నోటికి అలవాటైపోయింది కాబోలు.

మెట్లు ఎలా దిగానో. దేవుడా, ఆ గదిలో నిజంగానే ఇంకో ఆడది ఉన్నా బాగుండేది. జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని, నాలుగు రోజులు ఏడ్చేదాన్ని, అయిపోయేది. ఇప్పుడు ఎవరి జుట్టు పట్టుకోను? ఆయన క్రేన్ దిగలేదు. ఈ క్షణం ఆకాశంలో ఉన్నాడు. కింద ఎడమపక్కన మా అక్క మొగుడు ఉన్నాడు.

రేవు దాకా ఎలా తొక్కానో కూడా తెలీదు. లోపలికి వెళ్ళనివ్వరు. ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాను. నీలం పెట్టె ఒకటి గాల్లో తేలుతూ వస్తోంది. కింద బావ చెయ్యి బారుగా చాపాడు. ఆపు అని. పెట్టె ఆగలేదు. చెయ్యి ఊపాడు. ఆగలేదు. అప్పుడు ఈల పెట్టి వెనక్కి గెంతాడు. పెట్టె ఆగింది, ఊగింది, ఇంతకుముందు బావ నిలబడ్డ చోటనే దిగింది. బావ పైకి చూసి పిడికిలి బిగించి ఏదో తిట్టాడు. పాపం, ఆ తిట్టూ, ఆ పిడికిలీ, ఏదీ పైవాడికి కనపడలేదని నాకు ఒక్కదానికే తెలుసు.

అదే ఆ పూటకి చివరి పెట్టె. కాసేపటికి మా ఆయన గేటు దాటి సైకిలుతో వచ్చాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"నువ్వేంటే ఇక్కడ?"

"ఊరు చూద్దామని."

ముఖం విప్పారింది. "పద అయితే. ఎడమపక్కకి రా."

సముద్రపు గోడ పక్క రోడ్డు అది, ఖాళీగా ఉంటుంది. కాస్త దూరం పోయాక చెయ్యి బారుగా చాపాను. ఆపు. ఆయన తొక్కుతూనే ఉన్నాడు. బ్రేకు వేసి నేను ఆగిపోయాను. ఆయన ముందుకి పోతూ, ఎడమపక్కకి మాట్లాడుతూనే ఉన్నాడు. "వచ్చే సెలవుకి దీపస్తంభం దాకా పోదామే, అక్కడ మెట్లెక్కనిస్తారట, పైనుంచి ఊరంతా..." గాలికి ఇంకేమీ వినపడలేదు. కానీ చెయ్యి ఊపుతూ ఎంతో దూరం చెప్పుకుపోయాడు, నేను లేని చోటికి. చివరికి ఏదో అడిగినట్టున్నాడు, జవాబు రాకపోయేసరికి మెడ పూర్తిగా తిప్పి చూశాడు. దిగి నిలబడ్డాడు.

నేను దగ్గరికెళ్ళి సీసా ఆయన కుడిచేతిలో పెట్టాను.

సీసాని వేళ్ళతో తడిమాడు. తర్వాత గోడ మీద కూలబడ్డాడు. "రెండోది కూడా పోతుందేమో అనుకున్నానే మొదట్లో. ఇన్నేళ్ళుండి నీకు ఊరు చూపించలేదు. కళ్ళున్నప్పుడే నీతో కలిసి చూసేద్దామని..."

కరిగిపోయాను. అబద్ధమెందుకు, కరిగిపోయాను. కానీ గోడకి అవతల ఆ క్రేన్ కనపడుతూనే ఉంది.

"ఊరు సరే. క్రేన్ ఎందుకు దిగలేదు?"

"దిగితే మనల్ని ఈ దేశంలో ఉండనిస్తారా? ఈ గదీ, ఈ చోటూ, అన్నీ ఆ పని చూసి ఇచ్చినవే. మీ అక్కా, అన్నయ్యా కూడా నా వెనకే కదా వచ్చింది. వెనక్కి పోయి ఏం చేస్తాం అందరం?"

"బావ పోతే ఏం చేస్తాం?"

"అంత మాటనకు. అన్నయ్య ఎక్కడ నిలబడతాడో నాకు తెలుసు. కళ్ళు మూసుకున్నా తెలుసు. అడుగు అటూ ఇటూ కదలడు ఆయన."

"ఇందాక నేనెక్కడున్నానో కూడా తెలుసనుకున్నారు కదండీ," అన్నాను.

ఆ మాటకి తల దించేసుకున్నాడు. ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాం సైకిళ్ళు. ఆ రాత్రి అన్నం ఎవరం ముట్టలేదు.

పొద్దున్న చూస్తే మళ్ళీ క్రేన్ చేతితొడుగులు వేసుకుంటున్నాడు. "ఈ ఒక్క ఓడ కానివ్వవే," అన్నాడు నా వైపు చూడకుండా. నేనేం అరవలేదు. అరిచి లాభం లేదని నాకు తెలుసు. నా సైకిలు తీసి, ఆయన వెనకే బయల్దేరాను. ఈసారి కుడిపక్క తొక్కాను. దారంతా ఆయన ఎడమవైపు ఖాళీగా ఉంది. ప్రతి కూడలిలో మెడ తిప్పుకుంటూ, తడబడుతూ తొక్కాడు. అయినా అటు వెళ్ళలేదు.

గేటు దగ్గర బావ ఉన్నాడు, మెడలో ఈల. ముఖం మాడ్చుకుని, "ఏంట్రా ఇవాళ పెళ్ళాన్ని కూడా ఆకాశానికి తీసుకెళ్తున్నావా?" అన్నాడు. మా ఆయన నవ్వబోయి, సైకిలు గోడకి ఆనించి, హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకుంటున్నాడు.

"బావా," అన్నాను. "ఒక్క మాట. ఆయన ఎడమపక్కకెళ్ళి ఆపమని చెయ్యి చాపు."

"దేనికి?"

"చాపు బావా, నీకు దండం పెడతా."

మా ఆయనకి అర్థమైపోయింది. నన్ను ఆపలేదు, కదల్లేదు కూడా. పట్టీ పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. బావ విసుక్కుంటూనే అటు నడిచి, చెయ్యి బారుగా చాపాడు, రోజూ రేవులో చాపినట్టే. మా ఆయన ఎదురుగా ఎటో చూస్తూ నిలబడ్డాడు. బావ చెయ్యి ఊపాడు. ఇంకాస్త దగ్గరికెళ్ళి, ముఖం పక్కనే ఊపాడు. మా ఆయన రెప్ప కూడా పడలేదు.

"చాపాడా?" అన్నాడు మా ఆయన, మెల్లిగా.

బావ చెయ్యి అలాగే గాల్లో ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూశాడు, పైన క్రేన్‌ని చూశాడు, తను రోజూ నిలబడే చోటు చూశాడు. ఒక్క తిట్టు కూడా రాలేదు ఆ నోట.

మా ఆయన హెల్మెట్ పట్టీ విప్పుకున్నాడు. తీసి, "ఇదిగో అన్నయ్యా, ఆఫీసులో నువ్వే చెప్పు," అని ముందుకి చాపాడు. అక్కడ ఎవరూ లేరు. బావ గబగబా ఎదురుగా నడిచొచ్చి రెండు చేతులతో అందుకున్నాడు.

ఈ దేశంలో ఉండనిస్తారో, అందర్నీ కట్టగట్టి పంపించేస్తారో ఇంకా తెలీదు. అక్క నాతో నాలుగు మాటలు మాట్లాడి, ఏడ్చి, మళ్ళీ ఏడ్చింది. ఆ పొద్దున్న మాత్రం ఇంటికి సైకిళ్ళ మీదే వచ్చాం. ఆయన అడక్కముందే ఎడమపక్కకి వెళ్ళి తొక్కాను.